ఆధి, వ్యాధి: కీళ్ళనొప్పితో కాపురం

"ఆధివ్యాధులు" అనే జంటపదాన్ని మన పెద్దలు ఏనాడో కూర్చిపెట్టారు. ఆధి అంటే మనసుకు పట్టిన బాధ. వ్యాధి అంటే ఒంటికి పట్టిన బాధ. రెంటికీ వేరువేరు మాటలు ఉండికూడా వాటిని ఒకే సమాసంగా ముడివేయడంలో ఎంతో లోకానుభవం ఇమిడి ఉన్నది. ఒకటి అడుగుపెట్టిన ఇంటికి రెండవది రాక మానదనీ, రెండూ చేరిన తర్వాత ఏది దేనికి కారణమో తేల్చడం సులభం కాదనీ వారికి తెలుసు. ఆ ముడి ఎంత గట్టిదో తెలియాలంటే కీళ్ళనొప్పితో ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నవారి దినచర్యను ఒక్కసారి గమనించాలి.

ఇంటిల్లిపాదీ ఇంకా నిద్రలో ఉండగానే ఆ ఇల్లాలికి మెలకువ వస్తుంది. మెలకువ వచ్చినంత మాత్రాన లేవడం సాధ్యం కాదు. చేతివేళ్ళు ముడుచుకొని బిగిసి ఉంటాయి. పాలగిన్నె మూత తీయడానికి పట్టు దొరకదు. చీర కుచ్చిళ్ళు పోసుకోవడం ఒక పెద్ద పని అవుతుంది. గంట, గంటన్నర గడిస్తేగాని కీళ్ళు స్వాధీనంలోకి రావు. పదిగంటల వేళ చుట్టపుచూపుగా వచ్చినవారికి మాత్రం ఆమె మామూలుగానే కనబడుతుంది. "చూస్తే బాగానే ఉన్నారుగదా, వదినగారూ!" అంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

విరిగిన చేతికి కట్టు ఉంటుంది. జ్వరానికి వేడి ఉంటుంది. నొప్పికి మాత్రం ఆ నొప్పి పడే మనిషి మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ సాక్ష్యాన్ని లోకం నమ్మనప్పుడు, గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు, వ్యాధికి ఆధి తోడవుతుంది.

ఖాళీ చేయని అతిథి

కీళ్ళజబ్బులు నూటికి పైగా ఉన్నాయని వైద్యశాస్త్రం చెబుతున్నది. వాటిలో మన ఇండ్లలో తరచు కనిపించేవి రెండు. మొదటిది కీళ్ళ అరుగుదల. సాధారణంగా నడివయసు దాటినవారికి, ముఖ్యంగా స్త్రీలకు, మోకాళ్ళలో వస్తుంది. ఉదయపు బిగువు అరగంటలోపే సడలినా, మెట్లు దిగేటప్పుడు, నేలమీద కూర్చొని లేచేటప్పుడు ప్రాణం తీస్తుంది. రెండవది అసలైన కీళ్ళవాతం. శరీరాన్ని కాపాడవలసిన రక్షకశక్తే పొరపాటున కీళ్ళలోని పొరపై దాడిచేయడం దీని స్వభావం. చేతివేళ్ళ కణుపులు, మణికట్లు రెండు వైపులా వాస్తాయి. పురుషులకంటే స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. 1800లో ఫ్రెంచి వైద్యుడు లాంద్రే-బోవే దీనిని వర్ణించాడు; 1859లో ఇంగ్లీషు వైద్యుడు గారడ్ దీనికి "రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్" అని పేరు పెట్టాడు. మన వైద్యంలో కీళ్ళవాపుతో వచ్చే "ఆమవాతం" అనే వ్యాధికి మాధవనిదానం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. అంతకు చాలా ముందే చరకసంహిత, రోగాలను పెంచే వాటన్నిటిలోనూ విషాదమే ప్రధానమని సూత్రస్థానంలో చెప్పిపెట్టింది. మనసు రోగాన్ని పెంచగలదన్న మాట మనకు పడమటినుంచి దిగుమతి అయినది కాదు.

ఈ రెండు జబ్బులకూ కారణాలు వేరైనా లక్షణం ఒకటి. ఇవి వచ్చి పోయేవి కావు. జ్వరం అతిథి వంటిది, నాలుగురోజులుండి వెళ్ళిపోతుంది. కీళ్ళనొప్పి అద్దెకు దిగి ఇల్లు ఖాళీ చేయని మనిషి. అట్టివానితో రోజూ తగవు పడుతూ బ్రతకడం ఒక పద్ధతి. ఇల్లంతా వానికే అప్పగించి ఒక మూల కూలబడడం మరొక పద్ధతి. ఈ రెండూ గాక మూడవ పద్ధతి ఒకటి ఉన్నదని, ఈ జబ్బుతో సుమారు పాతికేళ్ళు గడిపిన ఒక ఫ్రెంచి చిత్రకారుని జీవితం చెబుతున్నది.

రెన్వార్ చేతివేళ్ళు

పియెర్ ఒగుస్త్ రెన్వార్ 1841లో లిమోజ్ పట్టణంలో జన్మించాడు. చిన్నతనంలో పారిస్‌లో పింగాణీ పాత్రలమీద పూలు చిత్రిస్తూ పని నేర్చుకున్నాడు. వెలుతురునూ, నవ్వే ముఖాలనూ, పూలనూ చిత్రించడంలో ఆయనకు సాటి లేదన్న పేరు వచ్చిన తర్వాత, యాభై ఏళ్ళు దాటిన కాలంలో, 1892 ప్రాంతాన కీళ్ళవాతం పట్టుకున్నది. 1897లో సైకిలుమీదనుంచి పడి కుడిచేయి విరిగింది. అప్పటినుంచి జబ్బు ముదిరింది. చలికి తట్టుకోలేక దక్షిణ ఫ్రాన్సులో సముద్రతీరాన ఉన్న కాన్య్-సుర్-మేర్ చేరి, 1907లో "లె కొలెత్" అనే తోటను కొన్నాడు. ముసలి ఆలివ్ చెట్లు గొడ్డలిపాలు కాకుండా కాపాడాలన్న కోరిక కూడా ఆ కొనుగోలుకు ఒక కారణం.

ఆ కాలంలో జబ్బును అదుపుచేసే మందులు లేవు. వేడినీటి బుగ్గల స్నానాలు, నొప్పిని కొంత తగ్గించే మాత్రలు తప్ప గతి లేదు. రెన్వార్ ప్రతి ఉదయం పనికి కూర్చునే ముందు మూడు చిన్న బంతులను ఎగురవేస్తూ పట్టుకుంటూ వేళ్ళకు సాధన చేసేవాడు. వేళ్ళు మరీ వంకరపోయి బంతులు పట్టుకోవడం అసాధ్యమయ్యాక వేరొక ఆట ఎన్నుకున్నాడు. కుంచెను చేతికి కట్టించుకొని చిత్రించేవాడని లోకంలో ఒక ప్రచారం ఉన్నది. అది నిజం కాదు. ముడుచుకుపోయిన వేళ్ళు అరచేతి చర్మాన్ని ఒరుసుకోకుండా గుడ్డపీలికలు చుట్టేవారు. కుంచెను వేళ్ళమధ్య పక్కనున్నవారు ఇరికించేవారు. పట్టు మాత్రం ఆయనదే. 1915లో సాషా గిత్రీ తీసిన చిన్న చలనచిత్రంలో ఆ చేతులను నేటికీ చూడవచ్చు. పెద్ద చిత్రం వేయవలసివస్తే గుడ్డను చుట్టుకర్రలమీద బిగించి, కావలసిన భాగం తన ముందుకు వచ్చేటట్లు జరిపించుకునేవాడు.

1912 నాటికి చక్రాల కుర్చీయే ఆయనకు కాళ్ళయింది. ఆ రోజుల్లోనే జరిగిన ఒక ఘట్టాన్ని ఆయన చరిత్ర చెప్పేవారు తప్పక చెబుతారు. ఒక వైద్యుడు వచ్చి, నడిపించి తీరుతానని పట్టుబట్టాడు. కొన్ని వారాల చికిత్స తర్వాత రెన్వార్‌ను కుర్చీలోంచి లేపి నిలబెట్టాడు. రెన్వార్ లేచాడు, ఎంతో ప్రయాసతో చిత్రఫలకం చుట్టూ నడిచి వచ్చి తిరిగి కూర్చున్నాడు. అందరూ ఆనందిస్తుండగా ఆయన చెప్పిన మాటల సారాంశం ఇది: నడవడానికి తన సంకల్పబలమంతా ఖర్చవుతున్నది, ఇక చిత్రించడానికి ఏమీ మిగలదు, రెంటిలో ఒకటి ఎన్నుకోవలసివస్తే తనకు చిత్రించడమే కావాలి. ఆ తర్వాత ఆయన మరి నడిచే ప్రయత్నం చేయలేదు.

దీనిని ఓటమిగా ఎంచేవారు ఉండవచ్చు. కాని తన దగ్గర ఉన్న శక్తి ఎంతో లెక్క చూసుకొని, దానిని ఎక్కడ వెచ్చించాలో తానే నిర్ణయించుకున్న మనిషి అతడు. నొప్పికి ఇవ్వక తప్పనిది ఇచ్చివేశాడు, ఇవ్వనక్కరలేనిది ఇవ్వలేదు. 1915లో భార్య ఆలీన్ మరణించింది. ఇద్దరు కుమారులు యుద్ధంలో గాయపడ్డారు. అయినా 1913 నుంచి రిషార్ గీనో అనే యువశిల్పి చేతులను తన చేతులుగా చేసుకొని శిల్పాలు సైతం చేయించాడు. ఆయన చివరి పెద్ద చిత్రం "స్నానకాంతలు" 1919లో పూర్తి అయింది. ఆ సంవత్సరమే డిసెంబరు 3న కన్నుమూశాడు. ఆయన కుమారుడు జాఁ రెన్వార్ తర్వాతి కాలంలో ప్రఖ్యాత దర్శకుడై, మన దేశానికి వచ్చి గంగాతీరాన "ది రివర్" చిత్రం తీశాడు; తండ్రి జీవితాన్ని 1962లో గ్రంథస్థం చేశాడు.

గాయమొకటి, నొప్పి యొకటి

రెన్వార్ సంగతి ఒక మహానుభావుని ప్రత్యేకతగా తోసివేయడానికి వీలు లేదు. గాయం ఎంత ఉంటే నొప్పి అంత ఉంటుందని పూర్వం అనుకునేవారు. రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీ రంగాన పనిచేసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్ ఒక విచిత్రం గమనించి 1946లో ప్రకటించాడు. తీవ్రంగా గాయపడిన సైనికులలో సుమారు ముప్పాతికమందికి, మార్ఫిన్ ఇచ్చి గంటలు గడిచినా, మందు అడిగేటంత నొప్పి లేదు. ఆ గాయానికి వారి మనసులో ఉన్న అర్థం వేరు. గాయపడ్డవాడు యుద్ధభూమినుంచి బయటపడ్డాడు; ప్రాణం దక్కింది; ఇక ఇంటికి పోవచ్చు. సరిగా ఆపాటి గాయమే శాంతికాలంలో ఒక కుటుంబీకునికి తగిలితే అది అతని సంసారానికి పిడుగుపాటు. గాయం ఒకటే అయినా అర్థం మారితే నొప్పి మారుతున్నది.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. కీలునుంచి బయలుదేరిన వార్త నేరుగా మెదడుకు పోదు. వెన్నుపాములో ఒక ద్వారంవంటిది ఉన్నది. ఆ ద్వారం ఎంత తెరుచుకుంటే వార్త అంతగా పైకి పోతుంది. దానిని తెరవడానికీ, మూయడానికీ పైనుంచి మెదడు కూడా ఆజ్ఞలు పంపుతుంది. పడి మోకాలు కొట్టుకున్న బిడ్డకు తల్లి చేత్తో రాయగానే సగం నొప్పి తగ్గడంలో రహస్యం ఇదే. ఆ స్పర్శా, తల్లి దగ్గర ఉన్నదన్న ధైర్యమూ రెండూ ద్వారాన్ని దగ్గరకు వేస్తాయి. భయం, దిగులు, నిద్రలేమి దానిని బార్లా తెరుస్తాయి. ఈ సిద్ధాంతంలోని వివరాలు తర్వాత ఎన్నో సవరణలు పొందాయిగాని, మూలసూత్రం నిలిచింది.

మోకాళ్ళ అరుగుదలలో ఇది వైద్యులకు నిత్యానుభవం. ఎక్స్-రేలో కీలు బాగా అరిగినట్లు కనిపించే మనిషి తేలికగా నడుస్తూ ఉండవచ్చు. స్వల్పంగా అరిగిన మనిషి మంచం పట్టవచ్చు. దీనినిబట్టి రెండవ మనిషి నటిస్తున్నాడని చెప్పడం అవివేకం. "అంతా మీ భ్రమ" అన్న మాట ఎంత కఠినమైనదో అంత అశాస్త్రీయమైనది. నొప్పిని గురించి అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లో చేసిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. నొప్పి ఇంద్రియానుభవమే గాక మనోభావం కూడా అయిన అనుభవమని దాని సారం. ఒక మనిషి తనకు నొప్పిగా ఉన్నదంటే ఆ మాటను గౌరవించాలని కూడా అందులో చేర్చారు. మనసుకు పాలు ఉన్నంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

మనసు వేసే చిక్కుముళ్ళు

దీర్ఘకాలపు నొప్పిలో మనసు కొన్ని దారులు తొక్కుతుందని మనస్తత్వవేత్తలు గుర్తించారు. మొదటిది నొప్పినే పదేపదే తలపోయడం, దానిని గోరంతలు కొండంతలు చేసి రేపటిని ఊహించడం, చివరకు "ఇక నావల్ల కాదు" అని చేతులెత్తివేయడం. ఈ మూడూ కలిసి ఒకే అలవాటుగా మారినవారికి, జబ్బు తీవ్రత సమానమే అయినా, నొప్పి అధికంగా ఉంటుందని పరిశీలనలలో తేలింది.

రెండవది భయం. "నడిస్తే మోకాళ్ళు ఇంకా అరిగిపోతాయి" అని అనేకులు కాలు కదపడం మానివేస్తారు. కీలు బండి ఇరుసు కాదు. అది జీవమున్న వస్తువు. కదలికవల్లనే దాని మృదులాస్థికి పోషణ అందుతుంది. కదలిక మానితే తొడ కండరాలు చిక్కిపోతాయి. వాటి ఆసరా తప్పిన మోకాలు మరింత నొప్పి పెడుతుంది. ఆ నొప్పి ముందటి భయమే నిజమని సాక్ష్యం చెబుతుంది. ఇది ఒక విషవలయం.

మూడవది దీనికి సరిగా విరుద్ధం. ఒకనాడు నొప్పి కాస్త నెమ్మదించగానే, పండుగ దగ్గరపడుతున్నదని ఇల్లంతా బూజులు దులిపి, పిండివంటలకు కూర్చొని, ఉన్న పనంతా ఆనాడే ముగించాలని చూస్తారు. తర్వాత మూడునాళ్ళు మంచానికి అంకితం. పనిని నొప్పి చెప్పినప్పుడు ఆపడం గాక గడియారం చెప్పినప్పుడు ఆపడం, కొంత పని, కొంత విశ్రాంతి అని ముందే వంతులు వేసుకోవడం వైద్యులు సూచించే ఉపాయం. రెన్వార్ చేసిన శక్తి లెక్క కూడా అట్టిదే.

నాలుగవది అన్నిటికంటె లోతైనది. అది నిస్పృహ. కీళ్ళవాతం ఉన్నవారిలో నూటికి సుమారు 17 మందికి తీవ్రమైన మానసిక కుంగుబాటు ఉన్నదని, అనేక పరిశోధనలను కూడి 2013లో ప్రకటించిన ఒక సమీక్ష లెక్కకట్టింది. నొప్పి నిద్రను చెరుస్తుంది. చెడిన నిద్ర మరునాటి నొప్పిని పెంచుతుంది. రెండూ కలిసి మనసును క్రుంగదీస్తాయి. మనోవ్యాధికి మందు లేదని సామెత. ఈ విషయంలో సామెతను నమ్మి ఊరుకోరాదు. కుంగుబాటుకు నేడు చికిత్స ఉన్నది. దాన్ని వైద్యునితో చెప్పుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇంటివారి పాలు

నొప్పి ఒక్కరి ఒంటిలోనే ఉన్నా, దానితో బ్రతికేది ఇల్లంతా. కీళ్ళవాతం ఉన్న వివాహితలను గురించి 1989లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలనలో, భర్తలు ఎత్తిపొడిచే ఇండ్లలోని స్త్రీలు మనసులో ఎక్కువ కుంగినట్లు, జబ్బుతో సర్దుకోలేకపోయినట్లు కనబడింది. ఎత్తిపొడుపు హాని చేస్తుందనడం ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యం కలిగించేది మరొకటి: అతిగా చేసే సేవ కూడా అప్పుడప్పుడు హాని చేస్తుంది. "నీవు కదలకు, అమ్మా, అన్నీ మేము చూసుకుంటాం" అని కోడలూ కూతురూ చేతిలోని పనులన్నీ లాగుకుంటే, ప్రేమతో చేసిన ఆ పనివల్లనే ఆ తల్లి తన ఇంట్లో తానే చుట్టమవుతుంది. పొయ్యి దగ్గరనుంచి లేపినా, బియ్యం ఏరే చేటను, మనుమనికి కథ చెప్పే హక్కును ఆమె దగ్గర ఉంచాలి. "ఏమి చేయగలవు?" అని అడిగే ఇల్లు, "ఎంత నొప్పిగా ఉన్నది?" అని మాత్రమే అడిగే ఇంటికంటె ఆమెకు మేలు చేస్తుంది.

రెన్వార్ కథను కూడా ఈ వెలుగులోనే చదవాలి. ఆయన కథను నొప్పిపడేవారిమీద కొరడాగా వాడేవారు లేకపోలేదు. "అంత జబ్బుతో ఆయన బొమ్మలు వేయలేదా, నీవు ఈ మాత్రానికే మూలుగుతావేమి?" అనడం అన్యాయం. ఆయన వెనుక కనిపెట్టుకొని ఉన్న భార్య ఉన్నది. కుంచె అందించే బిడ్డలూ, కుర్చీ మోసే పనివారూ ఉన్నారు. చిత్రాలు అమ్మి గడించిన డబ్బు ఉన్నది. ధైర్యం మనిషి గుండెలో మొలిచినా, దానికి నీరు పోసేది పక్కవారి చేతులే. కూలికి పోకపోతే పూట గడవని మనిషికి విశ్రాంతి తీసుకొమ్మని సలహా చెప్పడం సులభం. ఆ విశ్రాంతికి వీలు కల్పించడం సమాజం బాధ్యత.

పగ్గం ఎవరి చేతిలో?

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ అనే విదుషి 1970 దశకం చివర కీళ్ళరోగులకు ఒక శిక్షణ ప్రారంభించింది. వారానికి రెండు గంటల చొప్పున ఆరు వారాలు. బోధించేవారిలో అధికులు వైద్యులు కారు. స్వయంగా ఆ నొప్పితో బ్రతుకుతున్న సామాన్యులు. వ్యాయామం, పనికి వంతులు, ఒళ్ళు సడలించుకోవడం, వైద్యునితో ఎట్లా మాట్లాడాలి, ఇవీ పాఠాలు. నాలుగేళ్ళ తర్వాత వారిని పరిశీలించి 1993లో ఫలితాలు ప్రకటించారు. వారి శారీరక వైకల్యం నూటికి 9 వంతులు పెరిగింది. అయినా నొప్పి సగటున 20 వంతులు తగ్గింది. వైద్యుని దగ్గరకు పోవలసిన అవసరం 40 వంతులు తగ్గింది.

కీళ్ళు క్షీణిస్తుండగా నొప్పి ఎట్లా తగ్గింది? వ్యాయామం ఎక్కువగా చేసినవారికే తగ్గిందా అంటే, అట్లా కూడా కాదని అంతకుముందే తేలింది. రోగులను పిలిచి అడిగినప్పుడు సంగతి బయటపడింది. మేలు పొందినవారు తమ జబ్బు విషయంలో తాము చేయగలిగింది కొంత ఉన్నదని నమ్మారు. పొందనివారు ఏమి చేసినా ఒకటేనని భావించారు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ప్రతిపాదించిన "స్వసామర్థ్యవిశ్వాసం" ఇదే. గుర్రం మొండిదే కావచ్చు; పగ్గం తన చేతిలో కొంతైనా ఉన్నదన్న నమ్మకమే రౌతును నిలబెడుతుంది.

అయితే ఈ నమ్మకం మందుకు బదులు కాదు. కీళ్ళవాతానికి తొలిదశలోనే సరైన మందు పడకపోతే కీళ్ళు శాశ్వతంగా చెడిపోతాయి. నేడు ఆ జబ్బుకు ముందుగా ఇచ్చే మందు మెతోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన, అమెరికాలోని లీడర్లీ పరిశోధనశాలలో 1940 దశకంలో సాగిన కృషిలోనుంచి వచ్చిన మందు అది. మొదట క్యాన్సరుకు వాడినా, స్వల్పమోతాదులో వారానికొకసారి కీళ్ళవాతానికి వాడడానికి 1988లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. రెన్వార్‌కు దొరకని ఆ భాగ్యం నేటి రోగికి అందుబాటులో ఉన్నది. మందు జబ్బును అదుపులో పెడుతుంది. మిగిలిన నొప్పితో ఎట్లా బ్రతకాలో మనసు, ఇల్లు, సమాజం కలిసి నేర్చుకోవాలి.

రేపు తెల్లవారుజామున కూడా ఆ ఇల్లాలికి అందరికంటె ముందే మెలకువ వస్తుంది. వేళ్ళు బిగిసే ఉంటాయి. వేడినీటి గిన్నెలో చేతులుంచి, ఒక్కొక్క వేలునూ మెల్లగా చాచుకుంటూ, ఆనాటి పనులలో ఏది తనది, ఏది ఇతరులకు వదలవలసినది అని ఆమె లెక్క వేసుకుంటుంది. పదిగంటలకు ఎవరో వస్తారు. "చూస్తే బాగానే ఉన్నారుగదా!" అనబోయి ఆగి, "ఉదయం ఎట్లా గడిచింది, వదినగారూ?" అని అడిగితే చాలు. ఆమె కీళ్ళ వాపు తగ్గకపోవచ్చు. కాని తనను నమ్మే మనిషి ఒకరు ఉన్నారని ఆమెకు తెలుస్తుంది. ఆధివ్యాధులలో ఆధి అనే సగం భారం ఆనాటికి దిగిపోతుంది.